పెరట్లో పది కోళ్లు పెంచాలంటే: పిల్లలు తెచ్చుకోవాలా, ఎదిగినవా? నాటువా, వనరాజాలా?

కోళ్లు పెంచుదామనుకునే వాళ్లు ఎవరైనా నన్ను ముందుగా అడిగేది, ఏ రకం ఎక్కువ గుడ్లు పెడుతుంది అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, ఎంత వయసున్న కోడిని ఇంటికి తెచ్చుకుంటున్నారు. రెండోది, దానికి టీకా ఎవరు వేస్తారు. ఈ రెండూ తేల్చుకోకుండా వనరాజా తెచ్చినా కడక్‌నాథ్ తెచ్చినా ఒకటే, మొదటి వేసవి దాటేసరికి గూడు ఖాళీ అవుతుంది.

మాది ఏలూరు దగ్గర పల్లెటూరు. తొమ్మిదేళ్లుగా పెరట్లో ఎనిమిది నుంచి ఇరవై కోళ్ల దాకా ఉంటున్నాయి. మొదటి ఏడాది తెచ్చిన 20 పిల్లల్లో 16 పోయాయి. అవి ఎలా పోయాయో చెబుతూనే మిగతాది చెబుతాను, ఎందుకంటే నేను ఇచ్చే సలహా అంతా వాటి నుంచి నేర్చుకున్నదే.

రోజు పిల్లా, ఆరు వారాల పిల్లా, గుడ్డుకొచ్చిన పెట్టా

రోజు పిల్లలు, అంటే పుట్టి ఒక రోజైనవి, చవక, అందుకే అందరి చెయ్యీ అటే పోతుంది. కానీ తల్లి లేని పిల్లకు మీరే తల్లి. మొదటి వారం దాని చుట్టూ 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి, అంటే దాదాపు నాలుగు వారాలు రాత్రీ పగలూ బల్బు కింద కనిపెట్టుకుని ఉండాల్సిందే. థర్మామీటర్ లేకపోయినా పిల్లల్ని చూస్తే తెలిసిపోతుంది. బల్బు కిందే ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా ఉన్నాయంటే చలి వేస్తోందని, బల్బుకు దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని, అక్కడక్కడా చెదిరి మేస్తూ కునుకు తీస్తూ ఉంటే సరిపోయిందని. మా మొదటి బ్యాచ్ డిసెంబరులో వచ్చింది. మూడో రాత్రి కరెంటు పోయింది, నేను నిద్రపోయాను. పొద్దున లేచి చూస్తే అట్టపెట్టె మూలలో పిల్లలన్నీ గుట్టగా ఉన్నాయి. పైవాటిని ఒక్కొక్కటే తీస్తే అడుగున ఐదు నలిగి, తడిసి, చచ్చిపోయి ఉన్నాయి. వాటిని చంపింది చలి కాదు, పై వాటి బరువు కింద ఊపిరాడలేదు. ఆ తర్వాత నేను చదరపు అట్టపెట్టె వాడలేదు, అట్టను గుండ్రంగా చుట్టి నిలబెడతాను, మూలలే లేకపోతే పిల్లలు ఇరుక్కోవు. రాత్రికి రెండు సీసాల్లో వేణ్నీళ్లు పోసి గుడ్డ చుట్టి సిద్ధంగా పెట్టుకుంటాను.

ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండేటట్టయితేనే రోజు పిల్లలు తెచ్చుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇల్లయితే వద్దు. ఇక బండి మీద గులాబీ, ఆకుపచ్చ రంగులు వేసి అమ్మే పిల్లలుంటాయి, వాటిని చూసి ఇంట్లో చిన్నపిల్లలు మారాం చేస్తారు. అవి సాధారణంగా లేయర్ (గుడ్ల కోళ్ల) పిల్లల్ని పొదిగించే హ్యాచరీల్లో గుడ్లకు పనికిరావని తీసేసిన మగపిల్లలు. టీకా ఉండదు, ఎండలో తిరిగి తిరిగి సగం నీరసించి ఉంటాయి. పసిపిల్లల చేతుల్లో వాటి ప్రాణం రెండు రోజుల్లో పోవడం చూశాను, కొనకండి.

ఆరు వారాల పిల్ల కొంచెం ఖరీదు. కానీ వేడి పెట్టే పని అయిపోయి ఉంటుంది, ఈకలు నిండి ఉంటాయి, మొదటి టీకాలు పడి ఉంటాయి (పడి ఉండాలి, అడగండి). రోజు పిల్లల్ని తెచ్చి ఈ వయసు దాకా పెంచి అమ్మేవాళ్లను మదర్ యూనిట్లు అంటారు, మీ మండలంలో ఎవరున్నారో పశువుల ఆసుపత్రిలో చెబుతారు. అక్కడ ధర కన్నా ముందు అడగాల్సింది ఏయే టీకాలు ఏయే తేదీల్లో వేశారు అని. కాగితం మీద రాసి చూపించగలిగితే మంచి చోటు. ‘అన్నీ వేశామండీ’ అని మాత్రమే అంటే వేయలేదనుకుని మొదలుపెట్టండి. మొదటిసారి పెంచేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఈ వయసే. రోజు పిల్లల్లో పోయేవాటి లెక్క, బల్బు కరెంటు, చిన్నపిల్లలకు పెట్టే స్టార్టర్ దాణా అన్నీ కలుపుకుంటే తేడా పెద్దగా ఉండదు.

గుడ్డుకొచ్చిన పెట్టను తెస్తే రేపే గుడ్డు తినొచ్చనుకుంటారు. కొత్త చోటికి వచ్చిన పెట్ట బెదిరి రెండు మూడు వారాలు గుడ్డు మానేస్తుంది, ఇది మామూలే. అసలు జాగ్రత్త వేరే ఉంది. ఫారాల్లో గుడ్లు తగ్గాక తీసేసిన తెల్ల పెట్టలు సంతల్లో చవకగా దొరుకుతాయి. ముక్కు చివర కత్తిరించి ఉంటే అది ఫారం కోడి అని గుర్తు. ఆ ముక్కుతో అది పెరట్లో గింజ ఏరుకోలేదు, పురుగు పట్టలేదు, గద్ద నీడ పడినా పరుగెత్తడం దానికి అలవాటు లేదు. జాలిపడి తెచ్చుకుంటే తప్పు లేదు, గుడ్ల కోసమైతే తెచ్చుకోకండి.

నాలుగో దారి ఒకటుంది, మా అత్తయ్య నమ్మిన దారి: పిల్లలతో ఉన్న నాటు పెట్టను కొనడం. తల్లి రెక్కల కింద వేడికి బల్బూ కరెంటూ అక్కర్లేదు, గద్ద వస్తే కేక వేసి పిల్లల్ని దాస్తుంది, ఏది తినాలో కాలితో గీరి చూపిస్తుంది. కాకపోతే అమ్మేవాళ్లు తక్కువ, మంచి తల్లిని ఎవరూ వదులుకోరు.

ఇప్పుడు రకం సంగతి

వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి మూడూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసమే తయారు చేసినవి. వీటిని ఒకే గాటన కట్టేసి ‘సర్కారు కోళ్లు’ అంటారు కానీ మూడూ ఒకటి కాదు. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొచ్చే బరువైన కోడి, పుంజు ఆరు నెలలకు రెండు కిలోలు దాటుతుంది, పెట్ట పెరట్లో ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ గుడ్ల కోడి, బాగా చూసుకుంటే 160 నుంచి 180 దాకా వెళుతుంది, గుడ్డు గోధుమ రంగులో నాటు గుడ్డులా ఉంటుంది. శ్రీనిధి ఈ రెండింటికీ మధ్యలో. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల నుంచి వచ్చిన రాజశ్రీ కూడా గుడ్లకు మంచిదే, దొరికితే వదలకండి.

మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప. పది పన్నెండు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది, 21 రోజులు పొదిగి, మరో రెండు నెలలు పిల్లలతో తిరుగుతుంది. గుడ్ల లెక్కలో ఇది ఓడిపోతుంది. కానీ కొత్త పిల్లల కోసం మళ్లీ మళ్లీ డబ్బు పెట్టక్కర్లేని కోడి ఇదొక్కటే, చెట్టెక్కి పడుకుంటుంది, దొరికింది తిని బతుకుతుంది. వనరాజా, గ్రామప్రియలు పొదగవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెడితే పిల్లలు వస్తాయి, అయితే అవి సంకరాలు కాబట్టి తర్వాతి తరం అంత గుడ్లు పెట్టదు. ఇది చెప్పకుండా ‘ఒకసారి కొంటే చాలు’ అని అమ్మేవాళ్లుంటారు.

పందెం కోడి అసిల్ అందం వేరు. డేగ, నెమలి, సేతువ అని రంగుల పేర్లతో పిలుచుకునే మన కోస్తా వాళ్లకు దాని మీద మమకారం ఉంటుంది, నాకూ ఉంది. కానీ పది కోళ్ల పెరట్లో రెండు అసిల్ పుంజులు ఒక చోట ఉండవు, పెట్ట ఏడాదికి ముప్పై నలభై గుడ్లకు మించదు. పొదగడానికి మాత్రం అసిల్ పెట్టకు సాటి లేదు, పిల్లిని కూడా తరిమేస్తుంది.

కడక్‌నాథ్ మధ్యప్రదేశ్ ఝాబువా ప్రాంతపు కోడి, 2018లో దాని మాంసానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు) వచ్చింది. మాంసం, నాలుక, ఎముకలు నల్లగా ఉంటాయి, గుడ్డు మాత్రం లేత గోధుమ రంగే. నల్ల గుడ్డు పెడుతుందని ఎవరైనా చెబితే అక్కడ కొనకండి. నేను ఒక చోట ఎనిమిది కడక్‌నాథ్ పిల్లలు తెస్తే, ఈకలు మారేసరికి వాటిలో మూడింటికి కాళ్లు తెల్లబడ్డాయి, రెండు రెట్లు ధర పెట్టి మామూలు సంకరం పిల్లల్ని తెచ్చుకున్నానని అప్పుడు తెలిసింది. మాంసం అమ్ముకునే ఆలోచన ముందే ఉంటే తప్ప ఇంటికి ఇది అవసరం లేదని నా అభిప్రాయం.

మరి ఏది తెచ్చుకోవాలి? ఇంట్లో నలుగురికి గుడ్లు కావాలి, పెరడు ఉంది, కుక్కల బెడద మరీ ఎక్కువ లేదు అంటే ఆరు గ్రామప్రియ పెట్టలు, రెండు నాటు పెట్టలు. మా ఇంట్లో ఇప్పుడు ఉన్న లెక్క ఇదే. గుడ్లకు పుంజు అవసరం లేదు, చాలామందికి ఇది తెలియదు. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి, పక్కింటి పుంజు గోడ దూకి వస్తుంటే అది కూడా అక్కర్లేదు. హైదరాబాద్‌లో మేడ మీద పెంచే వాళ్లయితే పుంజును అసలు తేకండి, తెల్లారుజామున నాలుగింటికి కూసే కూతకు పక్కవాళ్లతో గొడవలు వస్తాయి. అక్కడ నాలుగు పెట్టలు చాలు, కానీ మే నెల డాబా వేడికి పైన రెండు వరుసల తాటాకో గ్రీన్ నెట్టో లేకపోతే కోడి బతకదు.

టీకా: అందరూ వదిలేసేది ఇదే

మొదటి ఏడాది పోయిన 16లో మిగతా 11 ఏప్రిల్‌లో ఒకే వారంలో పోయాయి. ముందు ఒకటి కునుకుతూ మూలన నిలబడింది. ఆకుపచ్చగా నీళ్లలా పారింది. మర్నాటికి ఇంకో మూడు నోరు తెరిచి ఊపిరి పీల్చడం మొదలుపెట్టాయి, ఒకదానికి మెడ పక్కకు తిరిగి వెనక్కి మెలిపడిపోయింది, గింజ కోసం వంగితే నేల మీద వేరే చోట పొడిచేది. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ రోగం). దానికి మందు లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ నీళ్లలో కలిపి పెట్టాను, వైరస్‌కు అది పనిచేయదని అప్పుడు తెలియదు.

ఈ రోగానికి ఉన్న దారి టీకా ఒక్కటే, మిగతా రోగాల టీకాలతో కలిపి వరస ఇది. ఐదు నుంచి ఏడో రోజున లసోటా (కొక్కెర తెగులు టీకా) ఒక చుక్క కంట్లో, 14వ రోజున గంబోరో రోగపు టీకా, 28వ రోజున మళ్లీ లసోటా, ఆరు వారాలు దాటాక మశూచి టీకా, ఎనిమిది తొమ్మిది వారాలకు ఆర్ 2 బి (ఇదీ కొక్కెర తెగులుకే) అర మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కిందికి. ఆ తర్వాత ఆరు నెలలకోసారి ఆర్ 2 బి మళ్లీ వేయిస్తే చాలు. రోజు పిల్లకు మారెక్స్ అనే మరో వైరస్ రోగపు టీకా హ్యాచరీలోనే వేయాలి. ఆర్ 2 బి ఎనిమిది వారాలలోపు పిల్లకు వేయకూడదు, అది ఘాటైన టీకా, చిన్నపిల్ల తట్టుకోలేదు. జబ్బుగా ఉన్న కోడికి ఏ టీకా వేయకూడదు.

సమస్య ఎక్కడంటే, టీకా సీసా వంద డోసులదో ఇంకా పెద్దదో వస్తుంది. మీ దగ్గర ఎనిమిది కోళ్లుంటాయి. కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది ఫ్రిజ్‌లో దాచినా పనికిరాదు. ఎనిమిదింటికి ఒక సీసానా అని అందరూ వదిలేస్తారు. మా వీధిలో చేసింది చెబుతాను. కోళ్లున్న పన్నెండు ఇళ్లు కలిశాం. పశువైద్య సహాయకుణ్ని ముందే అడిగి ఒక రోజు అనుకుంటాం, ఐస్ వేసిన ఫ్లాస్కులో సీసా తెస్తారు, పొద్దున ఆరింటికే గంపలు తీయకముందు మొదలుపెడతాం. తొంభై కోళ్లకు గంటన్నర. సీసా ఖర్చు ఇంటికి టీ డబ్బులంత కూడా పడదు. నేను పిల్లను ఎడమ చేతిలో వెల్లకిలా కాకుండా పక్కకు పడుకోబెట్టి, బొటనవేలితో తల ఆనించి, కంటి మీద ఒక్క చుక్క వేసి కదలకుండా ఆగుతాను. కన్ను మూసి తెరిచి చుక్క లోపలికి పోయిందని చూశాకే వదలాలి. వెంటనే వదిలితే తల విదిలిస్తుంది, చుక్క నేల పాలు, మనకేమో టీకా వేశామన్న ధైర్యం. అత్తయ్య మొదట్లో ‘కోడికి సూదేమిటే అమ్మాయ్’ అనేవారు, ఇప్పుడు ఆవిడే ముందు రోజు సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పి వస్తారు.

పక్కింటి కోళ్లకు టీకా లేకపోతే రోగం వీధిలో తిరుగుతూనే ఉంటుంది, మన గింజ దగ్గరికే అవి వస్తాయి. అందుకే నేను రకాల గురించి కన్నా దీని గురించే ఎక్కువ మాట్లాడతాను.

తిప్పాలా, మూసి పెంచాలా

బయట తిరిగే కోడికి దాణా ఖర్చు తక్కువ, పురుగూ ఆకూ తింటుంది, పచ్చసొన చిక్కగా ఉంటుంది. సాయంత్రం తలా 30, 40 గ్రాముల జొన్నలో నూకలో వేస్తే గూటికి అదే వస్తుంది. మూసి పెంచితే రోజుకు 100 గ్రాములకు పైగా బస్తా దాణా పడాలి, కానీ కుక్క, ముంగిస, గద్ద భయం ఉండదు, గుడ్డు ఎక్కడ పెట్టిందో వెతకక్కర్లేదు. చుట్టూ పొలాలున్న వాళ్లు ఇంకొకటి చూసుకోండి: మందు పట్టించిన విత్తనాలు చల్లే రోజుల్లో, ఎలుకల మందు పెట్టే రోజుల్లో కోళ్లను వదలొద్దు. మా ఎదురింటి వాళ్లకు ఒకే మధ్యాహ్నం ఏడు పోయాయి.

నేను మధ్య దారిలో ఉన్నాను. పొద్దున పదింటి దాకా గూట్లోనే ఉంచుతాను, గుడ్లు ఎక్కువ భాగం ఆ లోపే పెట్టేస్తాయి, తర్వాత చీకటి పడేదాకా వదులుతాను. రాత్రి గూటికి వలలాంటి పలచటి జాలీ సరిపోదు, కుక్క పళ్లతో చింపేస్తుంది, ముంగిస రెండు వేళ్ల సందులోంచి దూరుతుంది. అర అంగుళం సందుల ఇనుప జాలీ (వెల్డ్ మెష్) కొట్టించండి, గూడు నేల నుంచి రెండు అడుగుల ఎత్తులో ఉంటే ఇంకా మంచిది. కోడికి రెండు చదరపు అడుగులు చాలు, రాత్రి పడుకోవడానికే కాబట్టి.

దాణా విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఒకే బస్తా అందరికీ పెట్టడం. లేయర్ దాణాలో సున్నం ఎక్కువ, ఎదిగే పిల్లలకు అది పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. గుడ్డు పెట్టే దానికి నూకలు, తవుడు మాత్రమే పెడితే గట్టి పెంకు లేని తోలుగుడ్లు వస్తాయి. ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెట్టండి, కావలసినంత అదే తింటుంది. బూజు పట్టిన మొక్కజొన్న, ఉప్పు పచ్చడి కలిసిన అన్నం మాత్రం చవకని వేయకండి.

ఇంటి వైద్యమా, డాక్టరా

కొన్నిటికి ఇల్లు చాలు. పేలు పడితే నీడలో పొడి బూడిద, ఇసుక కలిపి గుంటలో పోయండి, కోడి పొర్లి తనే దులుపుకుంటుంది, గూటిని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టండి. ఈకలు రాలి గుడ్డు ఆగిపోతే అది ఏడాదికోసారి వచ్చే ఈక మార్పిడి, కంగారు పడొద్దు. మశూచి పొక్కులు జుట్టు (తల మీది ఎర్రటి తురాయి) మీద, కంటి చుట్టూ వస్తే పసుపు, వేపనూనె రాస్తే మెత్తబడతాయి, పొక్కు గిల్లకూడదు. నోట్లో కూడా వచ్చి తినలేకపోతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వేసవిలో రొప్పుతుంటే తడి గోనె పట్టాలు కట్టి, రోజుకు మూడుసార్లు చల్లటి నీళ్లు మార్చి, దాణా చల్లటి పూటే పెట్టండి.

కొన్నిటికి ఇల్లు చాలదు. మూడు నుంచి ఆరు వారాల పిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే అది రక్తపారుడు, తడి ఊకలో పెరిగే కంటికి కనిపించని పరాన్నజీవి వల్ల వస్తుంది. ఊక ఆ రోజే మార్చి, ఆంప్రోలియం అనే మందు ఎంత నీటికి ఎంత కలపాలో డాక్టరును అడిగి ఆ రోజే మొదలుపెట్టాలి, మర్నాటికి ఆలస్యం. కడుపులో నులిపురుగులకు మూడు నెలలకోసారి మందు వేయిస్తాను. మందు వేసిన తర్వాత ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో తప్పకుండా అడగండి.

ఇక ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చిపోయాయి, జుట్టు నీలంగా మారింది అంటే అక్కడ సొంత తెలివి వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చచ్చిన కోళ్లను కాలువల్లో పడేసిన వాళ్లను చూశాను, చాలా బాధేసింది, ఆ నీళ్లే కింద ఊళ్లకు పోతాయి. ఉత్త చేతులతో ముట్టుకోకండి, కోసి వండకండి, 1962కు ఫోన్ చేసి పశుసంవర్ధక శాఖ వాళ్లకు చెప్పండి, వాళ్లు వచ్చేదాకా మిగతా వాటిని గూట్లోనే ఉంచండి.

కొత్తగా ఏ కోడి తెచ్చినా, అది చుట్టాలింటి నుంచి వచ్చినా సరే, మూడు వారాలు విడిగా ఉంచి, పాత వాటికి మేత పెట్టాకే దాని దగ్గరికి వెళ్లండి.

తెచ్చుకునే నెల కూడా చూసుకోండి. ఆరు వారాల పిల్లల్ని సెప్టెంబరులో తెచ్చుకుంటే సంక్రాంతి దాటాక గుడ్డుకొస్తాయి, ఎండలు ముదిరేలోపు ఒళ్లు గట్టిపడి ఉంటుంది. ఆర్ 2 బి తేదీ అక్టోబరు మొదట్లో పడుతుంది. తెచ్చిన రోజే గోడ మీది క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఆసుపత్రి నంబరు రాసి పెట్టుకోండి.